గోడ మీద లేని భిన్నం

పోయిన నెల మా గేటు గడియ బోల్టు ఊడి ఎక్కడో పడిపోతే, కొత్తది కొందామని చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కనున్న హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లాను. "మూడు సూత్‌ల బోల్టు ఒకటియ్యి అన్నా" అని అడిగాను. కౌంటర్ వెనకున్నాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"సూత్ అంటే ఏంది సార్? ఎంఎంల చెప్పుండ్రి. ఎనిమిదా, పదా?"

నాకు చెప్పడం రాలేదు. మూడు సూత్‌లు ఎంతో నా వేళ్లకు తెలుసు గానీ నోటికి తెలియదు. బొటనవేలూ చూపుడువేలూ అంత ఎడంగా పెట్టి చూపించాను. ఆయన నవ్వి పది నంబరు తీసిచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే రంధ్రంలోకి దూరలేదు. మళ్లీ వెళ్లి ఎనిమిది తెచ్చాను, అది లొడలొడలాడింది. చివరికి గేటుకు తాడు కట్టి లోపలికొచ్చి కూర్చున్నాను. మా ఆవిడ, "ఒక్క బోల్టు తేనీకి రెండు చక్కర్లు కొట్టినవ్, అయినా గేటుకు తాడే" అంది. నాకు అక్క గుర్తొచ్చింది. అక్క చనిపోయి ఏడాది దాటింది. ఆ సంగతి నాకు రెండు నెలల తర్వాత తెలిసింది. అది కూడా బస్సులో ఎదురైన ఓ పాత మెకానిక్ ఏదో మాటల్లో చెబితేనే.

ఆమె నాకు ఏమీ కాదు. ప్రభుత్వ వాహనాలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో నేను టైం ఆఫీసు గుమాస్తాను, ఆమె టూల్‌రూం అటెండరు. తెలుగువాళ్లందరికీ అక్క. ఉర్దూ మాట్లాడే మెకానిక్‌లకు ఆపా. నన్ను తమ్మీ అనేది.

టూల్‌రూం అంటే పెద్ద గదేమీ కాదు. ఒక కిటికీ, కిటికీకి ఇవతల చెక్క బల్ల, అవతల గోడ. ఆ గోడ నిండా కొక్కేలు, కొక్కేలకు పానాలు. ఒక్కో పానా వెనక గోడ మీద దాని ఆకారమే తెల్లరంగుతో గీసి ఉండేది. ఏ పానా బయటికి పోయిందో దాని తెల్లబొమ్మ ఖాళీగా కనిపిస్తుంది. గదిలో ఒక కుర్చీ ఉండేది గానీ అది స్టోర్ అసిస్టెంటుది. ఆయన మెయిన్ స్టోర్‌లోనే ఉంటాడు కాబట్టి కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. అయినా అక్క అందులో కూర్చునేది కాదు, ఒక చెక్కపెట్టె బోర్లించుకుని దాని మీద కూర్చునేది. పదకొండేళ్లు ఆ పెట్టె మీదే.

బండ్లన్నీ మిల్లీమీటర్లలోకి మారిపోయినా, మా దగ్గర పాత జీపులూ నీళ్ల ట్యాంకర్లూ పంపులూ ఇంకా ఇంచీల్లోనే ఉండేవి. ఇంచీని ఎనిమిది భాగాలు చేస్తే ఒక్క భాగం ఒక సూత్. పానా మీద 1/4 అని ఉంటే రెండు సూత్‌లు, 3/8 అని ఉంటే మూడు, 1/2 అంటే నాలుగు. మెకానిక్ కిటికీ దగ్గరికి వచ్చి "ఆపా, తీన్ సూత్ దేవ్" అంటే ఆమె వెనక్కి తిరక్కుండానే చేయి చాపి తీసేది. తీశాక పానా మూతిలో బొటనవేలు పెట్టి ఒకసారి తడిమి, కొంగుతో తుడిచి, పిడి అవతలివాడి వైపు ఉండేలా ఇచ్చేది. తప్పుడు పానా ఇవ్వగా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఇచ్చేముందు ఒక చెప్పు తీసుకునేది. ఇది ఆమె పెట్టిన పద్ధతి. మొదట్లో మెకానిక్‌లకు నంబర్లున్న ఇత్తడి బిళ్లలు ఇచ్చారట, పానా కావాలంటే బిళ్ల పెట్టాలి. బిళ్లలు పోయాయి, పానాలూ పోయాయి. అప్పటినుంచి పానా కావాలంటే కాలి చెప్పు ఒకటి విప్పి బల్ల మీద పెట్టాల్సిందే. మా షెడ్డులో ఏ పూట చూసినా నలుగురైదుగురు ఒంటికాలి చెప్పుతో ఎగుడుదిగుడుగా నడుస్తూ కనిపించేవారు. కొత్తగా వచ్చిన మెకానిక్ ఒకాయన కోపంతో, "ఏక్ చప్పల్ మే కైసా ఫిర్నా ఆపా?" అన్నాడు, ఒంటి చెప్పుతో ఎలా తిరగమంటావని. అక్క మొహంలో ఏ మార్పూ లేదు.

"ఏక్ పానేకు ఏక్ చప్పల్. దో చప్పల్ రఖ్, దో పానే లే." రెండు చెప్పులూ పెడితే రెండు పానాలట.

తమాషాకి అందో నిజంగా అందో వాడికి అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. ఆమె దగ్గర వచ్చిన చిక్కే అది. ఏ మాటైనా అదే మొహంతో అనేది. నవ్వాలా ఊరుకోవాలా తేల్చుకునేలోగా ఆమె మళ్లీ పనిలో పడిపోయేది. ఒకసారి ఆఫీసరుగారే తన సొంత కారుకు ఏదో బిగించుకోవడానికి పానా అడిగితే, ఆయన నల్లబూటు కూడా బల్ల మీద పెట్టించింది. "ఇచ్చుడు అల్కగ సారూ. తెప్పిచ్చుడే కష్టం" అంది. ఆయన ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో ఎండలో నడుచుకుంటూ వెళ్లాడు.

ఇలా ఉండగా ఒక వేసవిలో కాగితం వచ్చింది. అటెండర్లు స్టోర్ అసిస్టెంట్లు కావాలంటే రాతపరీక్ష రాయాలి. పాసైనవాళ్లకే టూల్‌రూం. కానివాళ్లను బండ్లు కడిగే ర్యాంపు దగ్గరికి పంపుతారు. అక్కకు వయసు రీత్యా అదే చివరి అవకాశం. అప్పటికే ఆమెకు మోకాళ్ల నొప్పులు, పెట్టె మీంచి లేవాలంటే బల్ల అంచు పట్టుకుని, నోట్లో యేసయ్య పేరు అనుకుంటూ లేచేది. ర్యాంపు దగ్గర రోజంతా తడిలో, వంగి, బండి కిందికి దూరి పైపుతో కొట్టాలి. ఆమెను అక్కడ ఊహించుకోవడానికే నాకు మనసొప్పలేదు.

పరీక్షలో రాయడం, చదవడం ఆమెకు పెద్ద కష్టం కాదు, ఏడో తరగతి పాసైంది. భయమంతా లెక్కలతోనే. అందులోనూ భిన్నాలతో. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కుని నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, పైన ఒకటి కింద ఒకటి రాసే లెక్కలు నీకొస్తయా?"

"వస్తయ్ అక్కా, బీకాం చదివిన గదా" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాటినుంచి భోజనాల తర్వాత అరగంట పాఠం. ఆమె పెట్టె మీద, నేను మెట్టు మీద. మొదటిరోజు బడి పుస్తకంలో ఉన్నట్టే గుండ్రంగా గీసి, "ఇది రొట్టె అనుకో అక్కా, దీన్ని నాలుగు ముక్కలు కోసినం" అన్నాను.

"రొట్టెను ఎవలు కోస్తరు తమ్మీ? తుంచుతరు."

"సరే, తుంచినం అనుకో."

"తుంచితే సమానం రావు గదా."

కోసినా తుంచినా ఒకటే అనుకొమ్మని బతిమాలాను. ఆమె తల ఊపింది గానీ రొట్టె మీద ఆమెకు నమ్మకం కుదరలేదని కనిపిస్తూనే ఉంది. రెండోరోజు సూత్రం చెప్పాను: కింది అంకె పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుంది. ఆమె గోడవైపు చూసింది. చాలాసేపు చూసింది.

"మరి ఏడు బై పదహారు మూడు బై ఎనిమిది కంటె పెద్దగుంటది గదా? అది సాడేతీన్, మూడున్నర. ఇది తీన్."

నేను పుస్తకం చూశాను. కింద పదహారు, ఎనిమిది కంటే పెద్దదే. కాబట్టి ముక్క చిన్నది. కానీ పైన ఏడుంది, మూడు కంటే ఎక్కువ. అంటే చిన్న ముక్కలే గానీ ఎక్కువ ముక్కలు. అప్పుడు మొత్తం పెద్దదా చిన్నదా? నేను కాగితం మీద అడ్డంగా గుణించాను, నిలువుగా గుణించాను, ఒకసారి ఇది పెద్దదని వచ్చింది, ఒకసారి అది. చెమట పట్టింది. ఆమె లేచి రెండు పానాలూ తీసి నా చేతుల్లో పెట్టింది. ఏది పెద్దదో గుడ్డివాడికైనా తెలిసిపోతుంది. పక్కనే బీడీ కాల్చుకుంటున్న ముసలి మెకానిక్, "చదవేస్తే ఉన్న మతి పోయినట్టుంది సారుది" అన్నాడు. అక్క ఆయన్ను కసిరింది గానీ పెదవి కొస వణికింది.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. పదేళ్లు లెక్కలు చదివాను, కలపమంటే కలిపాను, భాగించమంటే భాగించాను, మార్కులు తెచ్చుకున్నాను. మూడు బై ఎనిమిది అనేది చేత్తో పట్టుకోగలిగే వస్తువని మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మూడోరోజు పద్ధతి మార్చాను. గోడతోనే చెబుదామనుకున్నాను. మూడు బై ఎనిమిది, ఒకటి బై నాలుగు కలపాలి. నేను కసాగు కట్టి, కింది అంకెలు సమానం చేసి మూడు వరుసలు రాసేలోగా ఆమె అంది: "తీన్, దో. ఐదు సూత్‌లు. ఐదు బై ఎనిమిది." సరిగ్గా అదే. ఏడు బై పదహారు, ఒకటి బై ఎనిమిది? "సాడేతీన్, ఒకటి. నాలుగున్నర." నాలుగున్నరను ఎలా రాయాలో నేను చెప్పాను: సగం వస్తే రెట్టింపు చేసి కింద పదహారు వెయ్యి. తొమ్మిది బై పదహారు అని రాసింది. రాసి, ఆ పానా గోడ మీద ఎక్కడుందో చూసుకుని, ఉందని తల ఊపింది.

సంతోషం పట్టలేకపోయాను. అంతకుముందు రెండేళ్ల ప్రశ్నపత్రాలు సంపాదించి చూస్తే లెక్కలన్నీ పానాల సైజుల మీదే ఉన్నాయి, నాలుగులూ ఎనిమిదులూ పదహార్లూ. ఇంకేం కావాలి? "అక్కా, ఇగ నువ్వు రొట్టెలు గిట్టెలు అన్నీ మర్చిపో. ఏ లెక్క అడిగినా గోడ చూడు. గోడ మీద లేని భిన్నం లోకంల లేదు" అన్నాను. ఆమె ఆ మాటను మళ్లీ ఒకసారి అనిపించుకుంది.

"గోడ మీద లేకపోతే?"

"లేకపోతే లేదు అక్కా."

నెలరోజులు అదే పాఠం. రానురాను ఆమె లెక్క చెప్పే తీరు చూడ్డానికి మెకానిక్‌లు కూడా వచ్చి నిలబడేవారు. వాళ్లు కావాలని చిక్కు లెక్కలు అడిగేవారు, ఆమె కళ్లు మూసుకుని వేళ్లు గాలిలో ఆడించి చెప్పేది. నాకంటే ముందే చెప్పేది. ఒక్కోసారి ఆమె జవాబు సరైందో కాదో చూసుకోవడానికి నేను కాగితం మీద చేసి, నాదే తప్పని కనుక్కునేవాణ్ణి. ఎవరు ఎవరికి చెబుతున్నారో నాకే అర్థమయ్యేది కాదు.

పరీక్షరోజు నేను గేటు దగ్గర ఎదురుచూశాను. అక్క కొంగు నడుముకు చుట్టుకుని, పెన్ను చేతిలోనే పట్టుకుని బయటికొచ్చింది. మొహం తేటగా ఉంది.

"అన్నీ రాసిన తమ్మీ. ఒక్కటి మాత్రం వాల్లే తప్పిచ్చిన్రు."

"ఏం తప్పు?"

"నూనె డ్రమ్ము లెక్క. ఒక వారం ఒకటి బై మూడు వాడిన్రు, ఇంకో వారం ఒకటి బై ఆరు వాడిన్రు, ఎంత మిగిలె అని. గోడ మొత్తం యాది చేసుకున్న. మూడుది లేదు, ఆరుది లేదు."

"మరి ఏం రాసినవ్?"

"స్టాకుల లేవు అని రాసిన."

మూడో వంతు. అది ఒకటుందని నాకు తెలియక కాదు, నెలరోజులు గోడతో మురిసిపోయి నేనే మర్చిపోయాను. అప్పుడే చెప్పాల్సింది, తప్పు నాదని. చెప్పలేదు. "మంచిగ రాసినవ్ అక్కా" అన్నాను. ఆమె సంతోషంగా ఆటో ఎక్కింది.

ఫలితాలు వచ్చాయి. పాసు మార్కులకు నాలుగు తక్కువ. డ్రమ్ము లెక్కకు పది మార్కులు. పేపరు దిద్దినవాళ్ల ద్వారా ఆ జవాబు ఆఫీసంతా పాకింది. వారం రోజులు టీ దగ్గర అదే మాట. ఒకడు "కాగితం ఉందా?" అంటే ఇంకొకడు "స్టాకులో లేదు" అనేవాడు, అందరూ పడిపడి నవ్వేవారు. నేనూ నవ్వాను. మొదటిరోజు నోరు విప్పకపోతే రెండోరోజు విప్పడం ఇంకా కష్టమవుతుంది, అంతే.

ఆమె మాత్రం పనిలోనే ఉంది. కొత్తగా వచ్చినాయనకు వారం రోజులు గోడను అప్పగించింది. ఒక్కో పానా తీసి, మూతిలో ఆయన వేలు పెట్టించి, పేరు చెప్పి, మళ్లీ కొక్కేనికి తగిలించింది. ఆయన చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. అన్నీ మొబైల్‌లో ఫొటోలు తీసుకున్నాడు. చివరిరోజు అక్క బల్ల తుడిచి, చెక్కపెట్టెను నిలబెట్టి మూలకు జరిపి, ర్యాంపు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తర్వాత షెడ్డులో ఎవరి కాళ్లకు చూసినా రెండు చెప్పులూ ఉండేవి.

నేను ర్యాంపువైపు వెళ్లడం మానేశాను. టీకి కూడా చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ణి. నెలన్నర అలా గడిచాక ఇక ఉండబట్టలేక, ఒక ఆదివారం సాయంత్రం కిషన్‌బాగ్‌లో వాళ్లిల్లు వెతుక్కుంటూ వెళ్లాను. వట్టి చేతులతో ఎలా వెళ్లేదని దారిలో బేకరీలో దిల్‌పసంద్, కొబ్బరి కూరిన తీపిరొట్టె, ఒకటి కొన్నాను, కోయకుండా గుండ్రంగా పెట్టె కట్టించాను. దారి పొడుగునా ఒకటే మాట తయారుచేసుకుంటున్నాను: అక్కా, ఫెయిలయింది నీవల్ల కాదు, నావల్ల.

రెండు గదుల ఇల్లు. చర్చినుంచి వచ్చిందేమో ఇంకా తెల్లచీరలోనే ఉంది. కూతురు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలు అల్లే పనికి పోతుందని, ముగ్గురు మనవలు తన దగ్గరే ఉంటారని చెప్పింది. పెద్దవాడికి పదేళ్లుంటాయి, తర్వాత ఇద్దరు ఆడపిల్లలు. పెట్టె చూడగానే ముగ్గురూ చుట్టూ చేరారు. అక్క చేతులు చూశాను. రోజంతా నీళ్లలో నాని వేళ్ల కొసలు తెల్లగా ముడుచుకుపోయాయి. తయారుచేసుకున్న మాట వదిలేసి, పెట్టె ఆమె ముందు పెట్టాను.

"నాకు చక్కెర బీమారి. నువ్వు తెచ్చింది నువ్వే తింటనంటె బాగుండదు. ముగ్గురికి పెడ్త" అంది అక్క.

గూట్లోంచి పూలు అల్లే దారం ఉండ తీసింది. దారాన్ని దిల్‌పసంద్ అంచు చుట్టూ ఒకసారి తిప్పి, కొస కలిసిన చోట పంటితో తెంపింది. ఆ దారాన్ని మూడు మడతలు వేసింది, మడతలు సమానంగా వచ్చేదాకా జరుపుతూ, లాగుతూ. వచ్చాక ఆ మడత పొడుగు ప్రకారం అంచు మీద మూడు చోట్ల గోటితో గీట్లు పెట్టింది. నడిమధ్య బొటనవేలు ఆనించి, ఒక్కో గీటునుంచి అక్కడిదాకా కత్తి దించింది. మూడు ముక్కలు. పిల్లలు ముగ్గురూ వంగి పరీక్షగా చూశారు, ఒక్కరు కూడా పేచీ పెట్టలేదు.

బీకాం చదివినవాణ్ణి, గుండ్రటి వస్తువును మూడు సమభాగాలు చెయ్యమంటే నాకు రాదు.

"అక్కా, ఒక్క ముక్క ఎంత?"

"మూడింట్ల ఒక వంతు. ఇంకెంత?"

"మరి పరీక్షల ఒకటి బై మూడు లేదని రాసినవ్ గదా?"

ఆమె నావైపు చూసింది. నేను ఏం అడుగుతున్నానో ఆమెకు అర్థం కాలేదు. నాకూ సరిగ్గా అర్థం కాలేదు.

"గది గిదేనా?"

"గిదే అక్కా."

"నేను రోజు చేస్త తమ్మీ. పాలు గిట్లనే పంచుత, చాక్లెట్ గిట్లనే. గిది ఇంటి ముచ్చట అనుకున్న, లెక్క అనుకోలే. నువ్వే చెప్తివి గదా, గోడ మీద లేంది లేదని. రెండుసార్లు అడిగిన నిన్ను. నువ్వు చదువుకున్నోనివి గదా."

"తప్పు నాదే అక్కా. నేనే మర్చిపోయిన. ఆ రోజే చెప్పాలె, చెప్పలే" అన్నాను. పరీక్షరోజునుంచి మోసిన మాట అది. ఆమె చెవిన పడ్డదో లేదో కూడా తెలియదు. ఆమె ముక్కలవైపు చూస్తోంది.

"ఇంకొకటి ఏముండె? ఆరుదా?"

"ఒకటి బై ఆరు."

ఆమె చిన్నపిల్ల ముక్కను దగ్గరికి లాక్కుని, ఆ మూడోవంతు దారాన్ని సగానికి మడిచి, ముక్కను రెండు చేసింది. పెద్దవాడి ముక్క పక్కన ఆ సగం ముక్కను ఆనించింది. కత్తి అంచు మధ్యలో పెట్టి చూసింది. ఇవతల సగం దిల్‌పసంద్, అవతల సగం.

"వాడింది సగం. మిగిలింది గూడ సగం" అంది మెల్లగా. కత్తి పక్కన పెట్టి మళ్లీ అంది: "సగం అంటే నాల్గు సూత్‌లు. గోడ మీద ఉండె గదా తమ్మీ."

ఇంతలో నడిపి పిల్ల, చెల్లికి రెండు ముక్కలిచ్చావు, నాకొకటేనా అని లొల్లి మొదలుపెట్టింది. అక్క ఆ రెండు ముక్కలనూ కలిపి, దాని ముక్క మీద పెట్టి చూపించి, రెండూ అంతే అని ఊరుకోబెట్టింది. పిల్లలు తమ వంతులు తీసుకుని గడప మీదికి పోయి కూర్చున్నారు. అక్క పళ్లెంలో రాలిన పొడిని వేలితో ఒక పక్కకు జరుపుతూ కూర్చుంది. ఎప్పటి మొహమే. కోపం లేదు, నవ్వు లేదు.

"తమ్మీ, గిప్పుడు పొయ్యి చెప్తే మార్కులిస్తరా?"

తమాషాకి అడిగిందో, నిజంగానే అడిగిందో నాకు ఆ రోజూ తెలియలేదు, ఈ రోజూ తెలియదు.

"ఇయ్యరు అక్కా" అన్నాను.

"ఊకెనే అడిగిన" అంది.